పచ్చగుడ్డ కింద

పచ్చగుడ్డకి అటువైపు డాక్టర్ ఖుర్షీద్.
ఇటువైపు నేనూ, పేరంటాలు గారి కుడిచెయ్యీ.
నా పని ఆ చెయ్యిని చూడ్డం.
ఆగితే "ఆగింది" అనడం. అంతే.

నిన్న నేనిచ్చిన చెక్కగుండుని
మొహమాటానికి నాలుగు తిప్పులు తిప్పి
పక్కన పెట్టేశారావిడ.
"ఇదేటి పాపా, చంటోళ్ళాట?
నా సూది నాకిచ్చెయ్యి.
మరిగించుకుంటావో, మందులో ముంచుకుంటావో నీ ఇష్టం."
నరసాపురం నుంచి కాకినాడ దాకా
జాకెట్టు మడతలో వచ్చిన కొక్కెం సూది అది.
బొటనవేలు ఆనేచోట పల్లంపడి ఉంది,
ఆ వేలూ అక్కడ పల్లంపడే ఉంది.

డజనుకింత చొప్పున నలభై ఏళ్ళు.
ఎవరి బల్లల మీదో పరిచే పువ్వులు.
ఆవిడింట్లో బల్ల లేదు.

పుర్రె తెరిచేటప్పుడు నిద్రపుచ్చి
తెరిచాక లేపాం.
మొదటి మాట: "దారమేదీ?"

గొలుసు, గొలుసు, గొలుసు,
వెనక్కి తిరిగి ఒక ముడి.
అవతల, మెదడు మీద, చీమకుట్టినంత కరెంటు.
"ఆగింది," అన్నాను.
చెయ్యి పడిపోలేదు, బిగుసుకోనూ లేదు.
ఎందుకొచ్చానో మర్చిపోయిన మనిషి
గుమ్మంలో నిలబడిపోయినట్టు
దారం ముందు కొక్కెం నిలబడింది.
డాక్టరు గారు అక్కడ
ఒకటి అంకె వేసిన కాగితం ముక్క అద్దారు.

"మా ఆయన లస్కరండి కాలవ మీద,"
గుడ్డ కిందనుంచి పేరంటాలు గారు.
"ఈయన ఇక్కడ తలుపు జానెడు దించితే
ఆ చివర చేలో కొంగ లేచెళ్ళిపోద్ది.
ఇదీ అంతేనా అండి?"
"అంతేనమ్మా. ఏ తలుపు ఏ చేనుదో తెలీకుండా
గట్టు మీద పలుగెయ్యకూడదు."
"ఆయ్," అన్నారావిడ, మళ్ళీ గొలుసెత్తుతూ.

రెండు. మూడు.
మధ్యలో వ్యాపారి దారం తూకంలో చేసే మోసం,
ఈ గదిలో చలి,
కాస్త నీళ్ళిస్తారా అని.
దూదితో పెదవులు తడిపాను.
సక్షన్ చప్పుడు సన్నగా, లోతుగా వెళుతోంది.

నాలుగోసారి చెయ్యి ఆగలేదు.
గొలుసు కొంచెం వదులైంది.
అలిసిపోయారేమో అనుకున్నాను.
ఇంకో గొలుసు. అదీ వదులే.
చూపుడువేలు దారాన్ని లాగి పట్టడం మానేసింది,
మిగతా చెయ్యంతా బుద్ధిగా పనిచేస్తూనే ఉంది.
అప్పుడన్నాను, గొంతు పూర్తిగా రాకుండా:
"ఆపండి."

చప్పుడాగింది.
అవతల ఎవరూ ఏమీ అనలేదు చాలాసేపు.
"బియ్యపుగింజంత ఉండిపోయింది," అన్నారు డాక్టర్ ఖుర్షీద్.
"ఉండనీ. అది నీళ్ళ దారిలో కూచుంది."
నాకు చెప్పారో, తనకి తనే చెప్పుకున్నారో.

ఆరో రోజు, తలకి కట్టుతో, మంచం మీద
ఆ బెత్తెడు లేసుని వెలుతురుకి పెట్టి చూశారు పేరంటాలు గారు.
వేలితో తడుముతూ:
ఇక్కడాగాను. ఇక్కడ. ఇదిగో, ఇక్కడ.
తర్వాత వేలు రెండు గొలుసుల దగ్గర నిలిచింది.
"ఇవేటి, కొత్తగా నేర్చుకునే పిల్ల అల్లినట్టు?"
అవి నావి, అని చెప్పాలి.
నోరు తెరిచిన క్షణాన్ని నేను లెక్కపెట్టుకున్న గొలుసులవి.
"మందు మత్తు అయ్యుంటుందండి," అన్నాను.

చూపుడువేలు ఇంకా పూర్తిగా చాపలేరు.
నెల పడుతుంది, రెండు పడొచ్చు.
మిగిలిన ఆ గింజ సంగతి
మూడు నెలలకోసారి స్కానింగులో చూస్తాం.

విప్పేస్తారేమో అనుకున్నాను.
వ్యాపారి ఇలాంటి ముక్క తీసుకోడని ఆవిడే అన్నారు కూడా.
కానీ ముక్కని తిప్పి పట్టుకుని
రెండో వరస మొదలుపెట్టారు.
కొక్కెం మొదట దూరింది
ఆ వదులు గొలుసులోకే.
"దీంట్లో చోటెక్కువ పాపా," అన్నారు.
"చెయ్యి కుదిరేదాకా ఇదే సులువు."